తాళం తప్పని పిల్ల

రైల్వేలో కొత్తగా చేరిన మన పిల్లలు సాయంత్రాలు మా ఇంటికి వచ్చినప్పుడు, టీ తాగడం అయ్యాక ఒకే ప్రశ్న అడుగుతారు. మీ సర్వీసు మొత్తంలో మిమ్మల్ని బాగా తిప్పలుపెట్టిన కేసు ఏది సార్ అని. వాళ్ళు ఇద్దరు భార్యల పింఛను తగాదానో, చచ్చిపోయాడనుకున్న మనిషి జీతం రోజున ప్రత్యక్షమైన కథనో ఆశిస్తారు. అలాంటివి ఉన్నాయి. కానీ వాటిలో నేను కాస్త తెలివైనవాడిగా కనబడతాను కనుక ఇప్పటికే ఊరంతా చెప్పేశాను. మిగిలింది ఒక పాట కేసు. అందులో రెండు చెవులూ ఉండి, పాటను కళ్ళతో పట్టుకుందామని బయలుదేరిన వాణ్ణి నేను.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో నేను వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుని. కార్మికుల కుటుంబాల మంచిచెడ్డలు చూడటం నా పని అని కాగితం మీద ఉంటుంది. ఎవరు నిజంగా ఎవరి కొడుకు, క్వార్టరులో ఉంటున్నది ఉండవలసినవాళ్ళేనా, జబ్బు చేసింది మనిషికా సెలవు చీటీకా, ఇవే ఆ మంచిచెడ్డలు. పేరుకు సంక్షేమం, చేసేది శంక. నేను గుమ్మం ముందు సైకిలు స్టాండు వేస్తే చాలు, సుఖంగా ఉన్న సంసారం కూడా ఏదో ఒకటి దాచడం మొదలుపెట్టేది. దాస్తున్నారని నాకు అనుమానం. అనుమానిస్తున్నానని వాళ్ళకు దాపరికం. ఈ చక్రం తిప్పుతూనే తల నెరిసింది.

రిటైరు కావడానికి ఇంకా కొంతకాలం ఉందనగా ఒకరోజు మా ఆఫీసరు గారు పిలిచి సందేశ్ తినమన్నారు. ఆయన బెంగాలీ, మంచి మనిషి. చెడ్డ పని అప్పగించవలసి వచ్చినప్పుడే మిఠాయి డబ్బా తెరుస్తారు. అందుచేత ఆయన సందేశ్ అనగానే నాకు సందేహం.

"మన గిటారు అమ్మాయి ఉంది కదా, ఆమె ఉద్యోగం పోయేలా ఉంది," అన్నారు.

ఆ అమ్మాయి మా తెలుగుపిల్లే. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు, తండ్రి ఇక్కడే ఫిట్టరు, ఇల్లు న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో. ఆటలవాళ్ళకు ఉన్నట్టే పాటలవాళ్ళకూ రైల్వేలో కొన్ని ఉద్యోగాలుంటాయి. పగలు గుమస్తా పని, పోటీలొస్తే రైల్వే తరఫున వాయించడం. ఆ అమ్మాయి అలా వచ్చింది. అయితే ఎంపిక జరిగినప్పుడు జనం ఒకచోట చేరకూడని రోజులు. అభ్యర్థులు తమ వాయిద్యం వీడియో తీసి పంపారు. ఆ వీడియో చూసే ఉద్యోగం ఇచ్చారు. ఇంకా పక్కా కాలేదు.

ఆమె వాయించి పంపింది ఒక పాత ఇంగ్లీషు పాట. బ్లూస్-రాక్ అంటారట. నల్లజాతి కూలీల దుఃఖానికి కరెంటు గిటారు తగిలిస్తే వచ్చే సంగీతమని మా ఆఫీసరు గారు చెప్పారు. గిటారు పట్టుకున్న ప్రతివాడూ ఒక్కసారైనా దాని జోలికి వెళ్ళి వేళ్ళు కాల్చుకుంటాడట. పాట పేరు మాత్రం మీకు చెప్పను. చెబితే ఫోనులో వెతికి అదే వింటూ కూర్చుంటారు, నా మాట వినరు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు మా రైల్వే క్లబ్బు, అదే ఇనిస్టిట్యూట్, వార్షికోత్సవం వచ్చింది. మా ఆర్కెస్ట్రాతో కలిసి ఆ అమ్మాయి మొదటిసారి జనం ముందు వాయించింది. వాయించింది అనడం మర్యాద. డ్రమ్ములాయన తర్వాతి స్టేషను గిరి మైదాన్‌లో ఉంటే ఈ అమ్మాయి ఖరగ్‌పూర్ వదల్లేదు. పాట మధ్యలో ఆగిపోయింది. మర్నాడే ఎవరో గొంతు మార్చి మాట్లాడిన ఒక సందేశం ఫోన్ల వెంట పరుగెత్తింది. వీడియోలో వాయించింది కంప్యూటరు, ఈ పిల్ల వేళ్ళు ఆడించిందంతే అని. అది ఇందా బజారు దాటి, కోల్‌కతాలో పెద్దాఫీసుకు కూడా చేరింది. ఆ గొంతు ఎవరిదన్నది ఈనాటికీ నాకు తెలియదు. నలుగురి మీద అనుమానముంది, అందులో ఇద్దరు పాపం అప్పటికే ఊళ్ళో లేరు.

"మళ్ళీ పరీక్ష పెడుతున్నారు. పెద్దాఫీసు నుంచి ఒక సంగీతం ఆయన వస్తారు. అది మోసమని తేలితే ఉద్యోగం పోతుంది, చెడ్డపేరు మిగులుతుంది," అన్నారు మా సారు. "ఈలోపు మీరు నెమ్మదిగా కనుక్కోండి. మీ తెలుగువాళ్ళు కదా, మీ దగ్గర నోరు విప్పుతారు."

"మా తెలుగువాళ్ళు నా ముందు తప్ప అందరి ముందూ విప్పుతారు సార్," అన్నాను.

ఆయన తన ఫోను నా ముందు పెట్టారు. అందులో ఒక కిటుకు ఉంది. ఏ పాటైనా వినిపిస్తే దాని టెంపో అంటే నడక, కీ, మూడ్ చెబుతుంది. చెప్పేవి మూడు, అందులో మూడోది మూడు. అసలు రికార్డు వినిపిస్తే నడక నెమ్మది, కీ ఎ-మైనర్, మూడ్ విషాదం అని వచ్చింది. అమ్మాయి వీడియో వినిపిస్తే నడక సరిగ్గా అదే అంకె, కీ ఎ-మైనర్, మూడ్ ప్రశాంతం. మైనర్ అంటే నాకు తెలిసింది పద్దెనిమిదేళ్ళు నిండని వారసులు. కీ అంటే తాళంచెవి, సంగీతంవాళ్ళకు శ్రుతట. తాళానికీ తాళంచెవికీ ఉన్న సంబంధం సంగీతంలో ఇంత దూరమని ఆ రోజే తెలిసింది.

"అంకెలు కలిశాయి కనుక రికార్డే పెట్టి వేళ్ళాడించిందంటారా?" అని అడిగాను.

"అదైతే తేలికే. కోల్‌కతా ఆయన ఇంకో మాటన్నారు. అసలు రికార్డులో మనుషులు వాయించారు, అందుకని నడక అక్కడక్కడా పెరుగుతుంది, తగ్గుతుంది. ఫోను చెప్పేది సగటు. ఈ అమ్మాయి వీడియోలో మాత్రం మొదటి నుంచి చివరిదాకా వెంట్రుకంతైనా కదలదట. మనిషన్నవాడు అలా వాయించలేడు, అన్నారు."

తాళం తప్పితే తప్పు. తప్పకపోతే ఇంకా పెద్ద తప్పు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి అభియోగం నేను చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. న్యూ సెటిల్‌మెంట్‌లో మన గుడి వెనుక వరుసలో మొదటి క్వార్టరు. గుడి గోడా వాళ్ళ పెరటి గోడా ఒక్కటే.

"ఏటి బాబూ ఇలగొచ్చినారు? కబురెడితే నానే వొద్దును కదా," అన్నాడు తండ్రి, తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడుస్తూ.

"ఊరికే వచ్చినాను తమ్ముడూ. అమ్మాయి గిటారు ఇందామని."

తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. ఏమీ లేనివాళ్ళు ఒకరినొకరు చూసుకుంటారు. చూసుకోకుండా జాగ్రత్తపడే ఇద్దరి మధ్య ఏదో ఉంటుంది.

"ఇప్పుడొద్దు సార్," అంది అమ్మాయి. "సాయంత్రం వాయిస్తాను."

"ఇప్పుడేటైంది?"

"పగలు నాకు కుదరదు సార్. సెయ్యి ఆడదు."

"పగలు ఆడని సెయ్యి సాయంత్రం ఎలగాడుతుంది? దోమలు కుడతాయనా?"

అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. తండ్రి మాత్రం నవ్వాడు, ఆ హాస్యానికి తగినదానికంటే చాలా ఎక్కువసేపు. "దానికి సిగ్గెక్కువ బాబూ. టీ తాగుతారేటి? అమ్మా, బాబుకి బిస్కట్లట్టుకురా."

"సరే, సాయంత్రమే వస్తాను."

"సాయంత్రం నానుండనండి!" అన్నాడు కంగారుగా. "గుడికాడుంటాను. హారతి మిషను డ్యూటీ నాది."

"నువ్వెందుకు తమ్ముడూ? వాయించేది అమ్మాయి కదా?"

"అదే... అదేలెండి."

ఆ 'అదేలెండి'తో నా అనుమానం బిస్కట్టులా టీలో ఉబ్బింది. పగలు వాయించని పిల్ల, సాయంత్రం ఉండలేని తండ్రి. సాయంత్రం ఎవడో వచ్చి తెరచాటున వాయిస్తున్నాడని తేల్చుకున్నాను. వాడికి నా మనసులో మీసాలు కూడా పెట్టేశాను.

రెండు రోజులాగి, చెప్పకుండా, దీపాలు పెట్టే వేళకు ఆ సందులోకి వెళ్ళాను. గుడిలో హారతి మొదలైంది. మీరు చూసే ఉంటారు, కొన్నేళ్ళుగా చాలా గుళ్ళలో మనుషులకు బదులు ఒక మిషను పెట్టారు. ఇనుప చట్రంలో ఒక డప్పు, రెండు గంటలు, ఒక మోటారు. స్విచ్చు వేస్తే పుల్లలు డప్పును బాదుతాయి, గంటలు మోగుతాయి. ఆ హోరులో చెవి పక్కన ఎవరు పిలిచినా వినబడదు. అయినా గోడకు చెవి ఆనిస్తే, హోరు కింద ఏదో సన్నగా జారుతోంది. గిటారు! లోపల ఎవరో ఆ పాటే వాయిస్తున్నారు.

తలుపు కొడదామని చెయ్యెత్తాను. గుళ్ళో హారతి ఆగింది. ఆ క్షణమే గిటారూ ఆగింది, వాక్యం మధ్యలో, గొంతు నొక్కినట్టు.

నేను చెయ్యి దించేశాను. మనిషైతే వరస పూర్తి చేసి ఆపుతాడు. సగంలో తెగిందంటే అది స్విచ్చు. దొరికిపోయారు అనుకుని, తలుపు కూడా కొట్టకుండా, గెలిచిన సిపాయిలా ఇంటికొచ్చాను. స్విచ్చు అన్నంతవరకూ నా ఊహ నిజమే. ఏ స్విచ్చన్నదే తేలాలి.

అన్నం తింటూ మా ఆవిడతో, "ఇవాళ హారతి వేళకి గుడి వెనకాల ఉన్నాను," అన్నాను.

"వెనకాలెందుకండీ, ముందుకెల్తే దేవుడు కరుస్తాడేటి?" అంది. "ఎల్లకపోడమే మంచిదిలెండి. ఆ గుళ్ళో హారతి సూసినారా, మన గోల్‌బజారు గుళ్ళో రెండు హారతులంత. కాళ్ళు పీకేస్తాయి. పాపం పంతులుగారు పళ్ళెం ఈ సేతినుంచి ఆ సేతికి మార్సుకుంటారు. కర్పూరం అయిపోతే మళ్ళీ ఎలిగిస్తారు. మిషను ఆగితే గదా ఆయన ఆపేది!"

"ఆపేవాడు ఎవడు?"

"ఫిట్టరు తమ్ముడే. స్విచ్చుకాడ నిలబడి గోడకేసి సూస్తాడు. ఏటి బక్తో!"

సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాను. మర్నాడు సాయంత్రం మా ఆవిడ వెంట బుద్ధిగా గుడికి వెళ్ళాను. నేను రావడమే ఒక వింతగా నలుగురు తిరిగి చూశారు. హారతి మొదలైంది. కర్పూరం వెలిగింది. తండ్రి స్విచ్చు దగ్గర నిలబడ్డాడు. అతని కళ్ళు దేవుడి మీద లేవు. పక్కగోడకు పైన ఉన్న చిన్న కిటికీ మీద ఉన్నాయి, అవతల అతని ఇల్లు. నేను మెల్లగా ఫోను తీసి మిషనుకు ఎదురుగా పట్టాను.

"ఏటండీ, దణ్ణమెట్టుకోకుండా దేవుడికి ఫోను సూపిస్తన్నారు?" అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

ఫోను కాసేపు ఆలోచించి అంకె చూపించింది. మిషను నడక సరిగ్గా ఆ పాట నడకకు రెట్టింపు. మిషను రెండు దెబ్బలు వేస్తే పాట ఒక అడుగు. తలెత్తి చూస్తే తండ్రి నన్నే చూస్తున్నాడు. అతని చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. డప్పు ఆగింది. గోడ అవతల గిటారు ఆగింది. పంతులుగారు హమ్మయ్య అని పళ్ళెం దింపారు.

జనం వెళ్ళాక గుడి వెనుక గట్టు మీద కూర్చోబెట్టాను. అమ్మాయి కూడా వచ్చింది.

"మొత్తం సెప్పు తమ్ముడూ," అన్నాను.

"నానేటి సెప్పను బాబూ. దాన్నడగండి."

అమ్మాయి గోరు గిల్లుకుంటూ మొదలుపెట్టింది. "సిన్నప్పుడు నాన్నకి గిటారంటే పడేది కాదు సార్. సుట్టుపక్కలోళ్ళు కూడా గోలగోలని తిట్టేవోరు. హారతి టైములో వాయిస్తే ఎవులికీ ఇనబడదు కదా. అందుకని రోజూ అప్పుడే వాయించీదాన్ని. మిషను నడక్కి ఈ పాటే సరిపోయినాది, మొత్తం పాట హారతిలోనే నేర్సుకున్నాను. మిషను లేకపోతే నా కాలు ఎక్కడెయ్యాలో నాకు తెలీదు. ఆర్కెస్ట్రాలో డ్రమ్ములాయనేమో మనసుకొచ్చినప్పుడల్లా జోరు పెంచేస్తాడు."

"మరి వీడియోలో మిషను చప్పుడు లేదేటి?"

"గిటారు వైరు తిన్నగా ఫోనుకి పెట్టినాను సార్. గిటారు తప్ప ఇంకేటీ దాన్లోకి రాదు."

తండ్రి నేలకేసి చూస్తూ అన్నాడు. "నాకు శానా కాలం తెలీదు బాబూ. ఒకనాడు మిషను కట్టేసినాక గోడవతలినుంచి రెండు సుక్కలు రాలినట్టినబడ్డాది. పంపు కట్టేసినాక రాలతాయి సూడండి, అలగ. అప్పుడు తెలిసినాది. మర్నాడు కూసింతసేపు ఎక్కువ నడిపినాను. ఆ మర్నాడు ఇంకూసింత."

"నాకు సెప్పలేదు," అంది అమ్మాయి.

"నువ్వు నాకు సెప్పినావేటి?"

ఇద్దరూ అప్పుడు మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతని భయం నాకర్థమైంది. దేవుడి మిషను, దేవుడి కరెంటు, పంతులుగారి చెయ్యినొప్పి. గుడి కమిటీకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? తండ్రి పరువు పోకూడదని కూతురు నోరు మూసుకుంది. కూతురు ఉద్యోగం కోసం నోరు తెరవాలో మూసుకోవాలో తండ్రికి తెలియలేదు.

కథ చక్కగా ఉంది. అదే చిక్కు. నా అనుభవంలో కథ ఎంత చక్కగా ఉంటే అంత గట్టిగా తట్టి చూడాలి. మీరు నవ్వినా సరే, నేను ఆ రాత్రి భోజనానికి ముందే మళ్ళీ గుడిలోకి వెళ్ళి, ఆ మిషను కింద దూరి, లోపల స్పీకరు దాచారేమో అని చేత్తో తడిమాను. చేతికి గ్రీజు అంటింది. డప్పు మరీ వేగంగా కొడుతోందని ఎవరో పాత సీలింగు ఫాను రెగ్యులేటరు ఒకటి తగిలించారు. అంతకు మించి ఏమీ లేదు. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నేను దేకడమంతా చూసింది.

"పరీక్షకి ఈ మిషను ఇనిస్టిట్యూట్‌కి తెస్తే బాగుంటుంది," అన్నాను గ్రీజు చేతులతో.

"వొద్దు సార్," అంది అమ్మాయి వెంటనే. "నాన్నని మాటంటారు. నాను ఎలగోలాగ వాయిస్తాను."

తండ్రి మిషను చట్రానికున్న బోల్టులు చూస్తున్నాడు.

పరీక్ష రోజున ఇనిస్టిట్యూట్ హాలు నిండింది. పని వదిలి రాకూడదు, కానీ వర్క్‌షాపులో సగం తెలుగువాళ్ళకు ఆ పూటే ఏదో సొంత పని పడింది. కోల్‌కతా ఆయన వచ్చారు. సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టు మెడ మీద పడుతూ. వచ్చీరాగానే స్పీకర్ల వెనక్కి వెళ్ళి చూశారు. తెర ఎత్తి చూశారు. అమ్మాయి ఫోను తీసుకుని తన జేబులో వేసుకున్నారు. ఇంత అనుమానపు మనిషిని చూసి నాకు మొదటిసారి నా జాతివాడు దొరికినట్టు అనిపించింది.

"షురూ కొరో, మా," అన్నారు, మొదలుపెట్టమ్మా అని.

అమ్మాయి వాయించడం మొదలుపెట్టింది. మొదటి వరస బాగానే నడిచింది. రెండో వరసలో చెయ్యి తడబడింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి అంతకంటే ముందే ఆగింది. హాలులో ఎవరో దగ్గారు. మా సారు నాకేసి చూశారు. అది సందేశ్ చూపు కాదు.

అప్పుడు వెనుక తలుపు దగ్గర అలజడి అయ్యింది. తండ్రి ఒక టోటో రిక్షావాడి సాయంతో దుప్పటి చుట్టిన పెద్ద మూట మోసుకొస్తున్నాడు. దుప్పటి తీస్తే డప్పు, గంటలు, వాటికింకా పొద్దుటి పూలదండ.

"ఎటా కీ?" అని అదిరిపడ్డారు కోల్‌కతా ఆయన.

ఏమిటో నేను చెప్పాను. నాకు వచ్చిన బెంగాలీలో, హిందీలో, అవి చాలనిచోట చేతులతో. ఆయన విన్నారు, నమ్మలేదు. నేను తడిమినట్టే మిషను కింద తడిమారు. ఆయన చేతికీ గ్రీజు అంటింది. సరే, పెట్టమన్నారు.

తండ్రి స్విచ్చు వేశాడు. హోరు పుట్టగానే వెనుక బెంచీల్లో కొందరు అలవాటుగా చెప్పులు విడిచారు. అమ్మాయి కళ్ళు మూసుకుని రెండు దెబ్బలకు ఒక అడుగు చొప్పున ఆ పాటలోకి దిగింది. ఈసారి చెయ్యి ఎక్కడా తొణకలేదు. వీడియోలో ఎలా ఉందో అలాగే.

మా సారు ఊపిరి వదిలారు. కోల్‌కతా ఆయన వదలలేదు. "ఇది నేర్చుకున్న చిలక పలుకైనా కావచ్చు," అంటూ వేదిక ఎక్కి, రెగ్యులేటరు మీద చెయ్యి వేసి కిందికి తిప్పారు. డప్పు నీరసించింది. అమ్మాయి కళ్ళు తెరవకుండానే డప్పుతోపాటు నెమ్మదించింది. న్యూ సెటిల్‌మెంట్‌లో సాయంత్రాలు కరెంటు నీరసించడం ఆమెకు కొత్త కాదు. ఆయన పైకి తిప్పారు, ఆమె పరుగెత్తింది. మళ్ళీ కిందికి, ఇంకా కిందికి. డప్పు ముసలివాడి నడకైపోయింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య అంత ఖాళీలో గిటారు ఒక్కొక్క స్వరాన్నీ సాగదీసి, వంచి, వదలలేక వదులుతోంది. నాకు సంగీతం తెలియదు. కానీ నా పక్కనున్న డ్రమ్ములాయన తల వంచుకున్నాడు.

అప్పుడాయన ఎవరూ అనుకోని పని చేశారు. మిషను కట్టేశారు.

డప్పు ఆగగానే వెనుక బెంచీల్లో తెలుగువాళ్ళందరూ అప్రయత్నంగా చేతులు కళ్ళకద్దుకున్నారు. తండ్రి గోడకు ఆనుకుపోయాడు. ఇన్నేళ్ళుగా ఆ డప్పు ఆగిన క్షణమే ఆ గిటారు ఆగింది. అమ్మాయి చెయ్యి గాలిలో నిలబడింది. ఇక అయిపోయిందనుకున్నాను.

చెయ్యి దిగింది. ఒక స్వరం. కొంత ఆగి ఇంకొకటి. కింద నేల లేకుండా నడుస్తున్నట్టు, ఒకచోట తొందరపడి, ఒకచోట తూలి, తనను తాను పట్టుకుని, పాట చివరిదాకా వెళ్ళింది. చివరి తీగ మోగడం మానేదాకా ఎవరూ కదల్లేదు.

కోల్‌కతా ఆయన కుర్చీలో కూర్చుని కాగితం తీసుకున్నారు. "కీ సరిగ్గా ఉంది. లయ ఊగుతోంది," అని పైకే చెబుతూ రాశారు.

మా సారుకు చెమట పట్టింది. "ఊగుతోందా? అంటే ఫెయిలా దాదా?"

"ఊగుతోంది కనుకే మనిషి వాయించింది. మీ వీడియోలో కూడా వాయించింది ఈ అమ్మాయే. తోడు వాయించినది మాత్రం మీ దేవుడి ఫిట్టరు."

ఆ విధంగా తాళం తప్పినందుకు ఒక పిల్ల ఉద్యోగం నిలబడింది. దానికి ధర లేకపోలేదు. అడగకుండా మిషను బయటికి తీసుకెళ్ళినందుకు గుడి కమిటీ తండ్రిని ఆ డ్యూటీ నుంచి తప్పించి, స్విచ్చుకు టైమరు పెట్టించింది. హారతి ఇప్పుడు వేళకు మొదలై వేళకు ముగుస్తోంది. పంతులుగారి భుజం బాగుపడింది, మా ఆవిడ కాళ్ళు బాగుపడ్డాయి. ఫిట్టరు జనంలో నిలబడి, ఖాళీ చేతులు ఏం చెయ్యాలో తెలియక, దణ్ణం పెట్టుకుంటున్నాడు. అమ్మాయి పట్టపగలు తలుపులు తీసి డ్రమ్ములాయనతో సాధన చేస్తోంది. ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటారని విన్నాను.

హాలులో జరిగిన ఒక్క మాట మిగిలిపోయింది. కోల్‌కతా ఆయన మూడ్ దగ్గర ఏమీ రాయకుండా కలం ఆపి, అమ్మాయిని దగ్గరికి పిలిచారు. "మిషను ఆగాక వాయించావు చూడు, అంత దుఃఖం వీడియోలో లేదు. ఏం తలుచుకున్నావు, మా?" అని అడిగారు.

అమ్మాయికి బెంగాలీ నాకంటే బాగా వచ్చు. కానీ ఆయనకు జవాబు చెప్పడానికి మొహం చెల్లక, నావైపు తిరిగి మెల్లగా అంది.

"దుక్కం ఏటీ లేదు సార్. ఆగితే ఉద్యోగం పోద్దని బయమేసినాది. అంతే."

"కీ బోల్లో?" అన్నారాయన, ఏమంది అని.

గొప్ప మాట ఏదైనా కల్పించి చెబుదామా అని ఒక్క క్షణం ఆలోచించాను. అప్పటికే ఆ పిల్ల నన్ను అనుమానంగా చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత కలం తీసి, మూడ్ దగ్గర 'విషాదం' అని రాసి, కింద గీత గీశారు.

"అసలు రికార్డు చేసిన రోజున, వాయించినవాడికి కూడా ఇదే భయం అయ్యుంటుంది," అన్నారు.